టెక్సాస్‌లో కుక్కలతో అడవి పందుల వేట: లైసెన్సు ఎవరికి అక్కర్లేదు, ఎవరికి ఉండి తీరాలి

నల్లరేగడి (1)

లీ కౌంటీలో గిడ్డింగ్స్ దగ్గర 40 ఎకరాల గడ్డి భూమి గురించి అడుగుతున్నాను. వాగు వైపు నుంచి పందుల మంద వచ్చి బెర్ముడా గడ్డిని నాగలి పెట్టి దున్నినట్టు తిరగేసి పోతోంది. కుక్కలతో పట్టే స్థానికులు ఇద్దరు వస్తామంటున్నారు, డబ్బులేమీ అడగడం లేదు. భూమి నా పేరు మీదే ఉంది, నాది గ్రీన్ కార్డు. నాతో వచ్చే స్నేహితుడు హెచ్-1బీ మీద ఉన్నాడు.

వచ్చేవాళ్లకి లైసెన్సు ఉండాలా? మా స్నేహితుడి సంగతి ఏమిటి? కుక్కలు పక్కవాళ్ల కంచె దాటితే ఎవరి మీదకి వస్తుంది? ఎక్కడ చూసినా "టెక్సాస్‌లో పందికి లైసెన్సు లేదు" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తున్నారు. కొంచెం వివరంగా చెప్పగలరా?

వాగుగట్టు (2)

ముందు రాష్ట్రం సంగతి. 2019 సెప్టెంబర్ 1 నుంచి సెనేట్ బిల్లు 317 అమల్లో ఉంది. దాని ప్రకారం ప్రైవేటు భూమిలో, భూయజమాని అనుమతితో అడవి పందిని వేటాడేవాళ్లకి హంటింగ్ లైసెన్సు అక్కర్లేదు. వేటాడేది టెక్సాస్ వాడైనా, బయటి రాష్ట్రం నుంచి వచ్చినవాడైనా ఇదే నియమం. అంతకు ముందు పంటకి నష్టం చేస్తున్న పందిని చంపే యజమానికి, అతని తరఫు మనిషికి మాత్రమే ఆ వెసులుబాటు ఉండేది. సరదాకి వచ్చేవాడు లైసెన్సు కొనాల్సి వచ్చేది. పాత వెబ్ పేజీల్లో ఇంకా ఆ పాత మాటే కనిపిస్తుంది, అందుకే ఇంత గందరగోళం.

ప్రైవేటు భూమిలో పందికి సీజన్ లేదు, ఎన్ని కొట్టాలన్న పరిమితి లేదు. రాత్రి లైటు వేసుకుని వేటాడొచ్చు, కుక్కల్ని వాడొచ్చు, కత్తితో పని ముగించొచ్చు. రాత్రి వేట అయితే ఆ ప్రాంతపు గేమ్ వార్డెన్‌కి (వేట చట్టాలు అమలు చేసే అధికారికి) ముందే ఒక ఫోన్ చేసి పెట్టండి. ఇది చట్టం అడిగేది కాదు. కానీ చీకట్లో లైట్లు తిరగడం, కుక్కలు మొరగడం చూసి ఎవరో ఒకరు వార్డెన్‌కి ఫోన్ చేస్తారు. అప్పుడు ఆయన అర్ధరాత్రి మీ గేటు దాకా రానక్కర్లేకుండా ఉంటుంది.

ప్రభుత్వ భూమిలో ఇదేదీ చెల్లదు. అక్కడ పందికైనా హంటింగ్ లైసెన్సు ఉండాలి. పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ నడిపే పబ్లిక్ వేట భూముల్లో చాలావాటికి 48 డాలర్ల వార్షిక పర్మిట్ కూడా తీసుకోవాలి. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ల జేబులో హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ కూడా ఉండాలి. ఇక కుక్కల విషయం యూనిట్‌కొక (ఒక్కో వేట భూమికి ఒక్కో) రకంగా ఉంటుంది, పందుల మీదకి కుక్కల్ని వదలనివ్వని చోట్లు ఉన్నాయి. పర్మిట్‌తో పాటు ఇచ్చే మ్యాపు పుస్తకంలో మీ యూనిట్ పేజీ చదవకుండా కుక్కని ట్రక్కు దించకండి.

కాగితం_ముఖ్యం (3)

వాగుగట్టు గారు చెప్పింది రాష్ట్ర చట్టం వరకు పూర్తిగా నిజం. కానీ మన తెలుగువాళ్లలో చాలామందికి అసలు చిక్కు ఫెడరల్ చట్టంలో ఉంది. దయచేసి ఇది జాగ్రత్తగా చదవండి.

18వ టైటిల్, 922వ సెక్షన్, (జీ)(5)(బీ) ప్రకారం నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ తమ దగ్గర ఉంచుకోకూడదు. హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1, బీ-2 అన్నీ ఇందులోకే వస్తాయి. సొంతానికి కొంటేనే తప్పు అనుకోకండి. స్నేహితుడి రైఫిల్ చేతిలోకి తీసుకున్నా "దగ్గర ఉంచుకోవడం" కిందకే వస్తుంది. శిక్ష 15 ఏళ్ల దాకా పడొచ్చు, దాని పైన దేశం నుంచి పంపించే కేసు కూడా అవుతుంది.

అదే సెక్షన్‌లో (వై)(2) కింద మినహాయింపులు ఉన్నాయి. మనలాంటివాళ్లకి పనికొచ్చేది ఒకటే: అమెరికాలో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు చేతిలో ఉండటం.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. పందిని వేటాడటానికి టెక్సాస్ లైసెన్సు అడగదు. కానీ హెచ్-1బీ మీద ఉన్న మనిషి తుపాకీ పట్టుకోవాలంటే ఫెడరల్ చట్టం ఆ లైసెన్సునే అడుగుతుంది. "పందికి లైసెన్సు అక్కర్లేదు కదా" అని 25 డాలర్లు మిగుల్చుకున్నవాడు ఆ 25 డాలర్లతో వచ్చే రక్షణని వదులుకుంటున్నాడు. మీ స్నేహితుడు తుపాకీ ముట్టుకునే అవకాశం ఒక్క శాతం ఉన్నా ముందు లైసెన్సు కొనమనండి.

ఎలా కొనాలంటే: టెక్సాస్‌లో వరుసగా ఆరు నెలలకి మించి నివాసం ఉంటే రెసిడెంట్ కిందే లెక్క, పౌరసత్వంతో సంబంధం లేదు. రెసిడెంట్ హంటింగ్ లైసెన్సు 25 డాలర్లు. చేపలది కూడా కలిపి కావాలంటే సూపర్ కాంబో 68. ఒట్టి ఫిషింగ్ లైసెన్సు దీనికి పనికిరాదు, ఈ పొరపాటు తరచూ జరుగుతుంది. ఆరు నెలలు నిండనివాళ్లకి నాన్-రెసిడెంట్ ఐదు రోజుల ప్రత్యేక లైసెన్సు 48 డాలర్లకి వస్తుంది, అందులో అడవి పంది ఉంది.

కొత్తిమీర_కట్ట (4)

గ్రీన్ కార్డుకి ఫైల్ చేసి, ఐ-485 పెండింగ్‌లో ఉన్నవాళ్ల సంగతేంటి అన్నా? ఇంకొకటి, నాన్నగారు బీ-2 మీద వచ్చారు. ఊళ్లో లైసెన్సు తుపాకీ వాడిన మనిషే. ఒకసారి పట్టుకోనివ్వొచ్చా?

కాగితం_ముఖ్యం (5)

ఫైల్ చేసినంత మాత్రాన పర్మనెంట్ రెసిడెంట్ అయిపోరు. హెచ్-1బీ మీదే కొనసాగుతుంటే కార్డు చేతికి వచ్చేదాకా హెచ్-1బీ లెక్కే, అంటే హంటింగ్ లైసెన్సు ఉంచుకోవాలి. స్టేటస్ వేరే రకంగా ఉంటే మీ లాయర్ నోటితో ఒక మాట విన్నాకే ముందుకెళ్లండి. నాన్నగారికి ఇండియాలో ఉన్న లైసెన్సు ఇక్కడ లెక్కలోకి రాదు. ఇక్కడి హంటింగ్ లైసెన్సు లేకుండా ఫొటో కోసం కూడా తుపాకీ ఆయన చేతికి ఇవ్వకండి. ఇచ్చిన మీరు కూడా ఇరుక్కుంటారు, తెలిసి ఇవ్వడం విడిగా మరో నేరం.

కత్తి తుపాకీ కాదు కాబట్టి ఈ సెక్షన్ దానికి వర్తించదు. మన మనిషి కుక్కల వేటకి వచ్చి తుపాకీ జోలికి పోకపోతే ఈ చిక్కు లేదు. 2017 సెప్టెంబర్ నుంచి టెక్సాస్‌లో ఐదున్నర అంగుళాలకి మించిన కత్తి పెద్దవాళ్లు వెంట ఉంచుకోవచ్చు. కాకపోతే స్కూలు ఆవరణ, మద్యం అమ్మకం మీదే ఎక్కువ ఆదాయం వచ్చే బార్లు లాంటి చోట్ల నిషేధం ఉంది. వేట అయిపోయి పిల్లల్ని స్కూలు నుంచి తెచ్చుకోవడానికి వెళ్లేటప్పుడు అది నడుముకే ఉందేమో చూసుకోండి.

జాడపట్టు (6)

లైసెన్సు ముచ్చట తేలింది. ఇప్పుడు 40 ఎకరాల ముచ్చట మాట్లాడదాం. కుక్కల వేటలో గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి.

40 ఎకరాలు చదరంగా ఉంటే ఒక్కో వైపు 1,320 అడుగులు, అంటే పావు మైలు. బెదిరిన పంది గంటకి 30 మైళ్ల దాకా పరుగెత్తగలదు. ఆ లెక్కన మీ భూమి ఈ కంచె నుంచి ఆ కంచెకి దాటడానికి దానికి అర నిమిషం చాలు. మీరు ట్రక్కు తలుపు మూసేలోపే కుక్కలు పక్క భూమిలో ఉంటాయి. మంచి జాడ కుక్క పందిని వదిలిపెట్టదు, ఒక మైలో రెండు మైళ్లో పోయి ఎక్కడో వాగులో నిలేసి మొరుగుతూ ఉంటుంది.

కుక్క పోయింది కాబట్టి తెచ్చుకోవడానికి నేనూ పోతానంటే టెక్సాస్ చట్టం ఒప్పుకోదు. అనుమతి లేకుండా ఇంకొకరి భూమిలో వేట నేరం, అడుగుపెట్టడం ఇంకో నేరం. బోర్డు కనిపించలేదు అనే సాకు నిలవదు. కంచె ఉండటమే హెచ్చరిక. చెట్టుకో గుంజకో ఊదా రంగు నిలువు గీత ఉన్నా "లోపలికి రాకూడదు" అని అర్థం. ఆ గీత కనీసం 8 అంగుళాల పొడవు, అంగుళం వెడల్పుతో, నేల నుంచి 3 నుంచి 5 అడుగుల ఎత్తులో ఉంటుంది.

అందుకే కుక్కలు దింపే ముందు మీ భూమిని ఆనుకుని ఉన్న ప్రతి యజమాని దగ్గరా కాగితం మీద అనుమతి తీసుకోండి. వాగు వెంట అయితే రెండు మైళ్ల దాకా ఎవరెవరు ఉన్నారో కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ (పన్ను కోసం భూముల విలువ కట్టే ఆఫీసు) మ్యాపులో చూస్తే పేర్లు దొరుకుతాయి. ఒక్క పొరుగువాడు కాదన్నా ఆ వైపు నుంచి గాలి వీచే రోజు కుక్కల్ని వదలకండి. కుక్క వాసన పట్టేది గాలికి ఎదురుగానే, లాగేది కూడా అటే.

తుపాకీకి కూడా ఇదే హద్దు. తూటా ఆస్తి హద్దు దాటితే, అవతలి యజమానితో రాతపూర్వక ఒప్పందం లేకపోతే, అది విడిగా నేరం.

ఇంకొక్క మాట. టెక్సాస్‌లో కుక్కలతో జింకని వేటాడటం నిషేధం. జింక వెంట పడే అలవాటు మానని కుక్కని పంది మీదకి తెస్తే మీరు పందికే వచ్చామన్నా వార్డెన్ ముందు మాట నిలబడదు. వచ్చే ఇద్దరినీ మొదట అడగాల్సింది ఇదే: కుక్కలకి జింక అలవాటు పూర్తిగా మాన్పించారా?

నల్లరేగడి (7)

గాలి విషయం అసలు తట్టలేదు, ధన్యవాదాలు. తూర్పు పొరుగాయన ఒప్పుకుంటాడు, దక్షిణం వైపు భూయజమాని హ్యూస్టన్‌లో ఉంటాడు. వచ్చేవాళ్లు మూడు కుక్కలు జాడకి, ఒకటి పట్టుకోవడానికి అంటున్నారు. అది సరైన లెక్కేనా?

జాడపట్టు (8)

సరైన లెక్కే. రెండు మూడు జాడ కుక్కలు: బ్లాక్ మౌత్ కర్, కాటహూలా, ప్లాట్ లాంటివి. ఇవి పందిని కనిపెట్టి, చుట్టూ తిరుగుతూ మొరిగి ఒకచోట నిలబెడతాయి, కరవవు. పట్టు కుక్క ఒకటి చాలు, అమెరికన్ బుల్‌డాగో పిట్‌బుల్లో అయి ఉంటుంది. అది గొలుసు మీదే ఉండాలి. మొరుగుడు ఒకేచోట నిలకడగా వినిపించాకే వదలాలి. మొరుగుడు కదులుతూ ఉందంటే పంది ఇంకా పరుగులోనే ఉంది. అప్పుడు వదిలితే పట్టు కుక్క ఒంటరిగా ముందు చేరుతుంది, కోరలకి మొదట చీలేది అదే.

పట్టు కుక్క చెవి దగ్గర పట్టాక ఒక మనిషి వెనక నుంచి వెళ్లి రెండు వెనక కాళ్లూ పట్టి ఎత్తి పక్కకి తిప్పి పడేస్తాడు. కత్తి ముందు కాలి మోచేయి వెనక, కింది నుంచి గుండె వైపు దిగాలి. ముదురు మగపంది భుజాల మీద తోలు గట్టి పలకలా ఉంటుంది. అక్కడ పొడిస్తే కత్తి ఆగిపోతుంది, జంతువు నరకం చూస్తుంది. కుక్కలు అంటుకుని ఉన్నప్పుడు తుపాకీ పేల్చకూడదు, తూటా పంది లోంచి దూసుకుపోయి కుక్కకి తగులుతుంది.

పట్టు కుక్కకి ఛాతీని, మెడని కప్పే కట్ వెస్ట్ ఉందో లేదో మీ కళ్లతో చూడండి. లేకపోతే ఆ రోజు వేట వద్దనండి. భూమి మీది, ఆ మాట అనే హక్కు మీకుంది.

రేడియో_గోల (9)

లైసెన్సుల చర్చ కాబట్టి ఇది కూడా. గార్మిన్ ఆల్ఫా లాంటి అమెరికాలో అమ్మే, కుక్క మెడకి కట్టే జీపీఎస్ కాలర్లు మర్స్ అనే రేడియో బ్యాండులో పని చేస్తాయి, దానికి ఎఫ్‌సీసీ (రేడియో తరంగాల్ని నియంత్రించే ఫెడరల్ సంస్థ) లైసెన్సు అక్కర్లేదు. మనుషుల మధ్య వాడే జీఎమ్ఆర్ఎస్ వాకీటాకీలకి మాత్రం కావాలి. 35 డాలర్లు, పదేళ్లు చెల్లుతుంది, పరీక్ష లేదు, ఇంట్లోవాళ్లందరికీ ఒక్కటే చాలు. చవగ్గా వస్తుందని వేరే దేశం మోడల్ కాలరు తెప్పించకండి. వాటి ఫ్రీక్వెన్సీ ఇక్కడ వేరేవాళ్లకి కేటాయించి ఉండొచ్చు.

పశువైద్యం (10)

కుక్కల ఆరోగ్యం గురించి ఎవరూ అనలేదు. రేబీస్ టీకా టెక్సాస్‌లో 16 వారాల వయసు లోపు వేయించాలి, ఇది చట్టం. వచ్చే కుక్కల సర్టిఫికెట్లు అడగండి.

అంతకన్నా భయపడాల్సింది సూడోరేబీస్‌కి. పేరులో రేబీస్ ఉన్నా అది వేరే వైరస్. అడవి పందుల్లో ఉంటుంది, మనిషికి సాధారణంగా రాదు. కుక్కకి వస్తే తలో మూతో రక్తం కారేదాకా గీరుకుంటుంది, రెండు మూడు రోజుల్లో చనిపోతుంది. మందు లేదు, ఇక్కడ కుక్కలకి టీకా కూడా లేదు. అందుకే పచ్చి మాంసం, పేగులు కుక్కలకి వేయకండి. కాటు వల్ల కూడా రావొచ్చు కాబట్టి పూర్తి రక్షణ లేదు. కుక్కలవాళ్లు ఈ ప్రమాదం తెలిసే వస్తారు. ఇంటి పెంపుడు కుక్కని మాత్రం సరదాకి కూడా వెంట తీసుకెళ్లకండి.

మనుషులకి ప్రమాదం బ్రూసెల్లా సూయిస్ అనే బ్యాక్టీరియాతో. చర్మం మీద చిన్న గాటు ఉన్నా పంది రక్తం తగిలితే చాలు. కోసేటప్పుడు మోచేతి దాకా గ్లౌజులు, కళ్లకి అద్దాలు పెట్టుకోండి. కడుపుతో ఉన్నవాళ్లు ఆ దరిదాపుల్లోకి రావొద్దు. మాంసం లోపలి వేడి 160 ఫారెన్‌హీట్‌కి చేరాలి, థర్మామీటర్ గుచ్చి చూడండి. మన కూరలో ఎలాగూ ఉడుకుతుంది గానీ నిప్పుల మీద కాల్చేటప్పుడే జాగ్రత్త.

ఛాతీ మీద గాటు పడి అందులోంచి గాలి బుసకొడుతుంటే వెంటనే ప్లాస్టిక్ రేకుతో బిగించి కట్టి ఆసుపత్రికి పరుగెత్తండి. అక్కడ కడిగి శుభ్రం చేయాలని కూర్చోకండి. వేసవి అయితే తెల్లవారుజామునే ముగించేయండి. వడదెబ్బ కోరలకన్నా ముందు చంపుతుంది.

వాగుగట్టు (11)

ఇంకొకటి చెప్పడం మరిచాను. కుక్కలవాళ్లలో చాలామంది పందిని చంపకుండా కాళ్లు కట్టి ప్రాణంతో ట్రక్కులో వేసుకెళ్తారు, ఎందుకంటే బతికున్న పందికి కొనేవాడు ఉంటాడు. దీని మీద యానిమల్ హెల్త్ కమిషన్ నియమాలు కఠినంగా ఉన్నాయి. బతికున్న అడవి పందిని నేరుగా కబేళాకో, కమిషన్ ఆమోదించిన హోల్డింగ్ కేంద్రానికో తీసుకెళ్లాలి. మగపంది అయితే అనుమతి ఉన్న వేట ప్రిజర్వ్‌కి (వేట కోసం నడిపే ప్రత్యేక భూమికి) కూడా పంపొచ్చు, ఆడపందిని పంపకూడదు. ఇంకో చోట వదలడం నేరం. వచ్చినవాళ్లు ఎటు తీసుకెళ్తున్నారో అడిగి రాసుకోండి. మీ భూమి నుంచి పోయిన పంది ఇంకో కౌంటీలో వదిలితే ప్రశ్న మీ దాకా వస్తుంది. చంపిన అడవి పంది మాంసం అమ్మకూడదు, కోసుకుని తినొచ్చు, పంచిపెట్టొచ్చు.

మీరు రేపు ఆలోచన మారి వేటగాళ్ల దగ్గర డబ్బు తీసుకుని వేట హక్కు ఇవ్వాలనుకుంటే యజమానిగా హంటింగ్ లీజ్ లైసెన్సు విషయం ముందు వార్డెన్‌ని అడగండి. 500 ఎకరాల లోపు భూమికి అది 79 డాలర్లు.

బే_ఏరియా_వెంకటగిరి (12)

మా కాలిఫోర్నియాలో కూడా ప్రైవేటు భూమిలో లైసెన్సు లేకుండా కుదురుతుందా?

కాగితం_ముఖ్యం (13)

కుదరదు. కాలిఫోర్నియాలో హంటింగ్ లైసెన్సు ఉండాలి, దాని మీద వైల్డ్ పిగ్ వాలిడేషన్ (అడవి పందికి అదనపు అనుమతి) కూడా కొనాలి. 2024 జులై 1 దాకా ఒక్కో పందికి ఒక్కో ట్యాగు ఉండేది, ఇప్పుడు ఒక వాలిడేషన్‌తో ఎన్నైనా. ఒక వేటగాడికి మూడు కుక్కలకి మించకూడదు. తూటా సీసం లేనిదే వాడాలి, 2019 జులై నుంచి రాష్ట్రమంతా ఇదే. లూసియానాలో కూడా లైసెన్సు తప్పదు. టెక్సాస్ నియమం పట్టుకుని రాష్ట్రం దాటకండి.

పొలంకాపరి_సిరిసిల్ల (14)

ఇక్కడ మా వైపు మక్క చేన్లను పందులు నాశనం చేస్తున్నయి. ఊరి కుక్కలను పెట్టి తరిమి పడితే ఏమైతది అని అడుగుతున్నరు. ఇండియా చట్టం తెలిసినోళ్లు చెప్పండి.

కాగితం_ముఖ్యం (15)

టెక్సాస్‌తో అస్సలు పోల్చకండి అన్నా. అక్కడ అడవి పంది బయటి నుంచి వచ్చిన తెగులు, ఇండియాలో వన్యప్రాణి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో సవరణ వచ్చాక అడవి పంది రెండో షెడ్యూల్‌లో ఉంది. చట్టంలో "వేట" అంటే చంపడం ఒక్కటే కాదు. వెంటాడటం, తరమడం, ఉచ్చు వేయడం, ఎర పెట్టడం, వీటిలో ఏ ప్రయత్నమైనా వేటే. అంటే పట్టుకోవడానికి కుక్కలతో తరమడం కూడా 9వ సెక్షన్ కింద నేరం. పంటకి నష్టం చేసే పందిని చంపాలంటే 11వ సెక్షన్ (1)(బీ) కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ కారణాలు రాసి రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వాలి. ఊరి పెద్దలు నోటితో ఒప్పుకుంటే చాలదు. ముందు ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో సర్వే నంబరు, నష్టమైన గుంటలు, ఫొటోలు, తేదీలతో దరఖాస్తు పెట్టండి, రసీదు తీసుకోండి. కరెంటు తీగ మాత్రం ఎవరు చెప్పినా పెట్టకండి. దానికి పందులకన్నా ముందు చీకట్లో నీళ్లు పెట్టడానికి పోయే మనిషి బలి అవుతాడు.

పొలంకాపరి_సిరిసిల్ల (16)

సమజైంది అన్నా. దరఖాస్తు రాపిస్త.

నల్లరేగడి (17)

దక్షిణం వైపు యజమాని రాతపూర్వకంగా ఒప్పుకునేదాకా కుక్కల్ని పిలవను. ఈలోపు మంద మొత్తం పట్టే బోను పెడతాను. స్నేహితుడు రెసిడెంట్ లైసెన్సు కొన్నాడు. కుక్కలవాళ్లకి ఇచ్చే అనుమతి కాగితంలో ఏమేం ఉండాలి?

జాడపట్టు (18)

వచ్చే ప్రతి మనిషి పూర్తి పేరు, ట్రక్కు నంబరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, రాత్రి కూడానా పగలేనా, కుక్కలు ఎన్ని, తుపాకీ ఉందా లేదా, అనుమతి అడవి పందికి మాత్రమే అన్న మాట, ఏ గేటు వాడాలి, ఆవులు ఏ మడిలో ఉన్నాయి, పొరుగువాళ్లలో ఎవరి అనుమతి ఉంది. మ్యాపు ప్రింటు తీసి హద్దు పెన్నుతో గీసి దానికే పిన్ను చేయండి. ఒక కాపీ వాళ్ల ట్రక్కులో ఉండాలి, వార్డెన్ అడిగితే చూపించడానికి.

బోనుకి మొదటి వారం తలుపు కట్టేసి ఉంచి మొక్కజొన్న మాత్రమే వేయండి. మంద మొత్తం లోపలికి రావడం కెమెరాలో చూశాకే తలుపు వదలండి. సగం పడి సగం తప్పించుకుంటే ఆ మిగిలిన సగం మళ్లీ బోను వైపు రాదు. ఇంకో సంగతి, బోను పెట్టిన వారంలో కుక్కలు వద్దు. కుక్క వాసన తగిలిన మంద కొన్నాళ్లు ఆ చోటికి రాదు.

కాగితం_ముఖ్యం (19)

ఆ అనుమతి కాగితంలో చివరి తేదీ ఆగస్టు 31 దాటనివ్వకండి. టెక్సాస్ హంటింగ్ లైసెన్సు మీరు ఏ నెలలో కొన్నా ఆ రోజుతోనే ముగుస్తుంది. మీరు యజమాని, పైగా మీది గ్రీన్ కార్డు, మీకు ఏ తేడా లేదు. మీ స్నేహితుడికి మాత్రం సెప్టెంబర్ 1 తెల్లారితే పాత లైసెన్సు చెల్లదు, అప్పుడు ముట్టుకున్న తుపాకీ 922 కిందకి వస్తుంది. కొత్త సంవత్సరం లైసెన్సులు ఆగస్టు మధ్యలోనే అమ్మకానికి వస్తాయి, ఆ వారమే కొని ఫోన్‌లో ఒక కాపీ, జేబులో ఒక కాపీ పెట్టుకోమనండి.